తాబేలుకు తలుపు తీసేదెవరు?

1972లో మన పార్లమెంటు కొద్ది నెలల వ్యవధిలో రెండు చట్టాలు చేసింది. ఒకటి, సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థను నెలకొల్పిన చట్టం. రెండవది, వన్యప్రాణి సంరక్షణ చట్టం. మొదటి చట్టం నీడన రొయ్య డాలర్లు తెచ్చే సరకయింది. తూర్పు తీరపు రేవులు ట్రాలర్లతో నిండాయి. రెండవ చట్టం నీడన సముద్రపు తాబేలు పెద్దపులి సరసన మొదటి షెడ్యూలులోకి ఎక్కింది. దానిని చంపడం జైలుశిక్షకు తగిన నేరమయింది. ఈ రెండు చట్టాలూ ఒకనాడు బంగాళాఖాతంలో ఒకే వలలో చిక్కుకుంటాయని వాటిని ఆమోదించిన సభ్యులు ఊహించి ఉండరు. అర్ధ శతాబ్దం దాటిపోయింది. ఆ చిక్కు నేటికీ విడలేదు.

2025 జనవరిలో అది మరొకసారి ఒడ్డుకు కొట్టుకువచ్చింది. చెన్నై నగరపు ఇసుక తిన్నెల మీదనూ, ఆ చుట్టుపట్ల తీరంలోనూ కొద్ది వారాలలో వెయ్యికి పైగా తాబేళ్ళ కళేబరాలు కనిపించాయి. కాకినాడ తీరంలోనూ అదే దృశ్యం కనిపించగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. చెన్నై విషయాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం తనంత తానుగా చేపట్టింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2021లో, ఎనిమిది వందల తాబేళ్ళు మరణించాయన్న పత్రికా వార్తను చూసి ఒడిశా హైకోర్టు కూడా ఇలాగే స్వయంగా కేసు నమోదు చేసుకున్నది. పత్రికలో వార్త, న్యాయస్థానంలో కేసు, సచివాలయంలో నివేదిక: ఈ వరుస తీరప్రాంత పాఠకులకు కొత్తది కాదు.

అయితే అదే 2025 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒడిశాలోని ఋషికుల్య నదీముఖం వద్ద ఏడు లక్షలకు దగ్గరగానూ, గహీర్మఠ వద్ద ఆరు లక్షలకు పైగానూ తాబేళ్ళు గుడ్లు పెట్టినట్లు లెక్కలు వచ్చాయి. ఇన్ని లక్షలు వస్తుండగా వెయ్యి పోతే ఏమన్న ప్రశ్న ఢిల్లీ ఆఫీసు గదులలో సులభంగా పుడుతుంది. దానికి సమాధానం తాబేలు జీవితంలోనే ఉన్నది. ఈ జాతి ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి సుమారు పదిహేనేళ్ళు పడుతుంది. ఒక్కొక్క తడవ నూరుకు పైగా గుడ్లు పెట్టినా, వెయ్యి పిల్లలలో ఒకటి పెద్దదైతే గొప్ప అని శాస్త్రజ్ఞుల అంచనా. కాకిచేతా, కుక్కచేతా, చేపచేతా చావకుండా పదిహేనేళ్ళు నెగ్గుకువచ్చిన ఆ ఒక్కటే ట్రాలరు వలలో పడుతున్నది. నేడు ఒడ్డుకు వచ్చే గుంపు పదిహేనేళ్ళ కిందటి మన నడవడికకు ఫలితం. నేటి నడవడిక ఫలితం లెక్కకు అందడానికి మరో పదిహేనేళ్ళు ఆగాలి.

ఆలివ్ రిడ్లే అని పేరున్న ఈ తాబేలు బరువు సుమారు 45 కిలోలు. ఏటా నవంబరు నాటికి ఒడిశా సమీప జలాలలో జత కట్టడానికి చేరుకుంటుంది. శ్రీలంక వైపు నుండి, మన్నారు సింధుశాఖ నుండి వచ్చేవి ఆంధ్ర తీరం వెంబడి సాగిపోవలసిందే. వీటికి దేశంలోని సరిహద్దు రాళ్ళ పట్టింపు లేదు. 2021లో ఒడిశాలో గుర్తు బిళ్ళ తగిలించిన తాబేలు ఒకటి 2025లో మహారాష్ట్ర తీరాన గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. దీనికి ఊపిరితిత్తులే గాని మొప్పలు లేవు. కొంతసేపటికొకసారి పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. ట్రాలరు వల సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ మూడు నాలుగు గంటలు సాగుతుంది. వల నోట్లోకి వెళ్ళిన తాబేలు చివరి సంచిలోకి జారి, బయటపడే ప్రయత్నంలో గాలి ఖర్చు చేసుకుని, నీటిలో పెరిగిన జీవి అయి ఉండీ నీట మునిగి చనిపోతుంది. వల పైకి లాగినప్పుడు ప్రాణంతో ఉన్నా చాలాసార్లు స్పృహ ఉండదు. అలాగే నీళ్ళలోకి తోసేస్తే మిగిలిన ప్రాణమూ పోతుంది.

గహీర్మఠ ఇసుకతీరం సంగతి 1974లో బస్టర్డ్ అనే శాస్త్రజ్ఞుడి ద్వారా ప్రపంచానికి తెలిసింది. ఆయన మొసళ్ళ సంరక్షణకై వచ్చిన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సలహాదారు. ఆనాటి ప్రమాదం ట్రాలరు కాదు, కసాయి కత్తి. వేల తాబేళ్ళను సముద్రంలో పట్టి, వెల్లకిలా పడవేసి, కలకత్తా మార్కెట్లకు తరలించేవారు. 1980 దశకం ఆరంభంలో జె. విజయ అనే యువ పరిశోధకురాలు ఈ వ్యాపారాన్ని స్వయంగా చూసి సేకరించిన వివరాలు, ఫోటోలు పత్రికకెక్కాయి. ప్రధాని ఇందిరాగాంధీ కదిలారు. తీర రక్షక దళం రంగంలోకి దిగింది. ఆ దళం ఏటా జరిపే తాబేళ్ళ రక్షణ గస్తీకి మూలం ఆ కాలంలోనే ఉన్నది. బహిరంగ వ్యాపారం కొన్ని ఏళ్ళలో అణగిపోయింది. ప్రభుత్వం గట్టిగా అనుకుంటే జరుగుతుందనడానికి ఇది నిదర్శనమే. కాని కావాలని చంపేవాణ్ణి పట్టుకోవడం తేలిక. అనుకోకుండా చంపేవాణ్ణి ఏమి చేయాలన్నది వేరే ప్రశ్న. 1990 దశకం చివరికి వచ్చేసరికి ఒడిశా తీరంలో ఒక్కొక్క ఋతువులో పదివేలకు పైగా కళేబరాలు లెక్కకు వచ్చాయి. వాటిలో ఏ ఒక్కదానినీ ఎవరూ తినడానికి చంపలేదు.

దీనికి విరుగుడు అప్పటికే ఉన్నది. అమెరికాలో జార్జియా రాష్ట్రపు రొయ్యల వేటగాడు సింకీ బూన్, వలలో నిండిపోయే జెల్లీచేపలను వదిలించుకోవడానికి ఇనుప కమ్మీల చట్రం ఒకటి తయారు చేసుకున్నాడు. శాస్త్రజ్ఞులు కాదు, ఒక జాలరి చేసిన పని అది. వల గొంతులో ఈ కమ్మీల చట్రాన్ని ఏటవాలుగా బిగిస్తారు. రొయ్యలు కమ్మీల సందుల్లో నుండి వెనుక సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, ఆ వాలు వెంబడి జారి, అక్కడ కోసి ఉంచిన కంతను కప్పిన వలగుడ్డను నెట్టుకుని బయటపడుతుంది. పాత ఇళ్ళలో పిల్లికి వదిలే కంత వంటిదే ఇది. దీనిని ఆంగ్లాక్షరాలతో టెడ్ అంటున్నారు.

అమెరికా 1987లో తన ట్రాలర్లకు టెడ్‌ను విధిగా చేసింది. 1989లో మరొక చట్టం చేసి, ఇతర దేశాలు కూడా ఇటువంటి ఏర్పాటు చేస్తేనే వాటి సముద్రపు రొయ్యలు కొంటానన్నది. ఈ నిబంధనను 1996 మే 1 నుండి ప్రపంచమంతటికీ వర్తింపజేయవలసి వచ్చింది. కారణం అక్కడి కోర్టు తీర్పు. కరీబియన్ ప్రాంతపు దేశాలకు సర్దుకోవడానికి మూడేళ్ళ గడువు ఇచ్చినవారు ఆసియా దేశాలకు ఇచ్చింది నాలుగు నెలలు. భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. భారత పాకిస్తాన్‌లు ఒకే పక్షాన నిలబడి వాదించిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి. దానికి తాబేలు కారణం కావడం విశేషం.

1998 అక్టోబరు 12న అప్పీళ్ళ మండలి ఇచ్చిన తీర్పును జాగ్రత్తగా చదవాలి. అమెరికా ఓడిపోయిందని మన దేశంలో చెప్పుకున్నాము; ఓడిపోయింది కూడా. అయితే అది ఓడింది దేశాల మధ్య చూపిన పక్షపాతం వల్ల. తరిగిపోయే ప్రకృతి సంపదను కాపాడడానికి వాణిజ్యంపై ఆంక్ష పెట్టవచ్చునన్న మూలసూత్రాన్ని మండలి అంగీకరించింది. అమెరికా తన పద్ధతిని సవరించుకున్నది. మలేషియా ఒక్కటే మళ్ళీ తలుపు తట్టి 2001లో ఓడింది. మనము తట్టలేదు. ఈ వివాదం మన దేశంలో చేసిన నష్టం వేరే ఉన్నది. టెడ్ అనగానే అమెరికావాడి పెత్తనం అన్న ముద్ర పడింది. తాబేలు మనది, తీరం మనది, 1972 చట్టం మనది; పరికరం మాత్రం పరాయిదై కూర్చున్నది.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన టెడ్‌ను రూపొందించింది. దానిని బిగిస్తే రొయ్యలలో ఒక శాతం లోపు, చేపలలో రెండు మూడు శాతం మాత్రమే తరుగు వస్తుందని ఆ సంస్థ పరీక్షలలో తేలింది. ఎగుమతి అభివృద్ధి సంస్థ వాటిని ఉచితంగా పంచింది. ఒడిశా నిబంధనలలో టెడ్ తప్పనిసరి. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘం 2004లో ఒడిశా తీరాన్ని చూసి గట్టి ఆదేశాలిచ్చింది. ఇంత జరిగినా ఆ చట్రాలు ఎక్కువగా పడవల గదుల్లోనో, యజమానుల పెరట్లోనో ఉండిపోయాయి. తనిఖీ ఉందంటే రేవులో బిగిస్తారు. సముద్రంలోకి వెళ్ళాక కంతను కుట్టేస్తారు.

ఎందుకని? ఆ మధ్య విశాఖపట్నం చేపల రేవులో సోనా బోటు యజమాని ఒకాయనను ఈ ప్రశ్నే అడిగాను. ఆయన చెప్పినది నాకు ఢిల్లీలో విన్న ఏ వివరణ కన్నా సూటిగా తోచింది. “తాబేలుని సంపాలని మాకేటి సరదా బాబూ? అది వల్లో పడితే రొయ్యి నలిగిపోద్ది, వల సిరిగిపోద్ది, నట్టం మాకే. కానీ ఆ కమ్మీలెట్టుకుంటే పెద్ద సేపలన్నీ ఆ తలుపులోంచే పోతాయి. మరి ఆయిలు డబ్బులెవరిత్తారు?” ఆ డెక్కు మీద ఒక మూల వలతాళ్ళు, ఐసు పెట్టెలు, రెండు గ్యాసు సిలిండర్లు ఉన్నవి. చట్రం ఎక్కడా కనిపించలేదు. నేను అడగలేదు, ఆయన చూపలేదు.

ఆయన మాటలో పెద్ద విషయం ఉన్నది. అమెరికా ట్రాలరుకు రొయ్య ఒక్కటే సరకు; తక్కినది చాలావరకు తిరిగి సముద్రంలో పారబోసేది. కమ్మీలు పెద్ద చేపను బయటకు తోసినా అతనికి పెద్ద లోటు లేదు. మన ట్రాలరు వలలో పడినదంతా సరకే. టేకు చేప, పెద్ద సొర, సందువ, చివరకు ఎండబెట్టి కోళ్ళ మేతకు అమ్మే చిల్లర చేప కూడా డీజిల్ ఖర్చులోకి జమ అవుతుంది. రొయ్య దిగుబడి తగ్గిన ఏడు ఆ పెద్ద చేపలే పడవను నిలబెడతాయి. పరీక్షలో సగటున రెండు శాతమన్న తరుగు, ఒకనాడు రెండు పెద్ద చేపలు జారిపోతే ఆ నాటి లాభం మొత్తం కావచ్చు. కనుక పరికరాన్ని ఉచితంగా ఇచ్చినంత మాత్రాన సమస్య తీరదు. పరికరం ధర ఒకసారి అయ్యే ఖర్చు. దానిని వాడే ధర ప్రతిరోజూ అయ్యే ఖర్చు. మొదటిది ప్రభుత్వం పెట్టుకున్నది. రెండవది బోటు యజమానికి వదిలేసింది.

ఇదే హిందూ మహాసముద్రంలో, చాలా దక్షిణాన, ఇటువంటి మరొక కథ వేరుగా నడిచింది. అక్కడ ట్యూనా కోసం మైళ్ళ పొడవున గాలాల తాడు వదులుతారు. గాలాల ఎర నీట మునిగే లోపల ఆల్బట్రాస్ పక్షులు దానిపై వాలి, గాలం మింగి, తాడుతో పాటు మునిగి చచ్చిపోతాయి. రెండేళ్ళకొక గుడ్డు పెట్టే జాతులకు అది వినాశనమే. విరుగుడు చూస్తే నవ్వు వస్తుంది: పడవ వెనుక ఒక పొడవాటి తాడు, దానికి రంగు పేలికలు, మన గుమ్మానికి కట్టే తోరణం వంటిది. గాలికి అవి ఆడుతుంటే పక్షులు దగ్గరకు రావు. జపాన్ జాలరులు దీనికి తమ భాషలో పక్షి అన్న అర్థం వచ్చే ‘తోరి’ పేరు పెట్టుకున్నారు. రాత్రిపూట గాలాలు వదలడం, తాడుకు బరువు కట్టడం తక్కిన రెండు ఉపాయాలు. 25 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన వేటాడే గాలాల పడవలు ఈ మూడింటిలో రెండు పాటించాలని హిందూ మహాసముద్ర ట్యూనా సంఘం 2012లో తీర్మానించింది. భారత్ ఆ సంఘంలో సభ్యదేశమే. ఆఫ్రికాలో నమీబియా 2015లో ఈ తోరణాన్ని విధిగా చేసిన తరువాత అక్కడి గాలాల వేటలో పక్షుల చావులు 98 శాతం తగ్గాయి. వాల్విస్ బే పట్టణంలో మహిళల బృందమొకటి ఆ తోరణాలు కట్టి పడవలకు అమ్మింది.

పక్షికి కుదిరినది తాబేలుకు ఎందుకు కుదరలేదు? పక్షి తినేది జాలరి ఎర. పక్షిని తరిమితే ఎర మిగులుతుంది, ఆ గాలానికి చేప పడుతుంది. పక్షికి మేలు చేసే తోరణం పడవవాడికీ మేలు చేస్తుంది. తాబేలుకు తెరిచిన తలుపు పడవవాడి చేపకూ తెరుచుకుంటుంది. చట్టాలు రాసేవారు గమనించవలసిన తేడా ఇదే. లాభం ఉన్నచోట ఆజ్ఞ ఒక్కటి చాలు. నష్టం ఉన్నచోట ఆ నష్టాన్ని ఎవరు మోస్తారో ఆజ్ఞలోనే రాయాలి.

ఢిల్లీలో ఆ నష్టం ఎవరి పద్దులో రాయాలో తేలదు. తాబేలు పర్యావరణ శాఖది. వల మత్స్య శాఖది. దానికి 2019లో ప్రత్యేక మంత్రిత్వ శాఖే ఏర్పడింది. రొయ్య పెట్టెలోకి ఎక్కాక వాణిజ్య శాఖది. గస్తీ తిరిగే తీర రక్షక దళం రక్షణ శాఖది. పన్నెండు నాటికల్ మైళ్ళ లోపలి వేట రాష్ట్రాల అధికారం, ఆవలిది కేంద్రం అధికారం. తాబేలు ఒక్క ఉదయంలో ఈ గీతలన్నీ దాటుతుంది. ఫైలు దాటడానికి ఏళ్ళు పడుతుంది. వేట నిషేధ కాలమే చూడండి. తూర్పు తీరమంతటా ట్రాలర్లు ఆగేది ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం. తాబేళ్ళు తీరానికి చేరువగా ఉండేది నవంబరు నుండి మార్చి వరకు. అంటే తాబేళ్ళు చాలావరకు తమ పని ముగించుకుని మళ్ళిన తరువాత వలలు విశ్రాంతి తీసుకుంటున్నాయి. ఒడిశా మాత్రం గహీర్మఠ, దేవి, ఋషికుల్య ప్రాంతాలలో నవంబరు 1 నుండి మే 31 వరకు ఒడ్డు నుండి 20 కిలోమీటర్ల వరకు నిషేధం విధించింది.

ఆ నిషేధం తగిలేవారిలో మనవారూ ఉన్నారు. పూరీలో పెంటకోట వాడ, గోపాల్పూర్, గంజాం తీరపు పల్లెలు తరతరాలుగా తెలుగు మాట్లాడే జాలరులవి. అక్కడివారు వారిని నోలియాలంటారు. వీరు తాబేలును కూర్మావతారమని మొక్కేవారు. ట్రాలరు వారి చిన్న వలలను చింపిపోతుంది, వారి చేపను ఊడ్చుకుపోతుంది. సముద్రంలో గస్తీ పడవ ముందు పట్టుకునేది దూరాన చీకట్లో ఉన్న ట్రాలరును కాదు, ఒడ్డున ఉన్న చిన్న పడవను. చిన్న మోటారు బిగించుకున్నంత మాత్రాన తమది మర పడవ అవుతుందా అని వారు అడుగుతున్నారు. వారి వలలలోనూ తాబేళ్ళు పడతాయన్నది నిజమే. అయినా ఒకే నిబంధన కింద ఇద్దరినీ తూచడం న్యాయంగా లేదు. ఒడిశాలో సాంప్రదాయ జాలరుల సంఘాలూ, తాబేళ్ళ రక్షకులూ కొన్నేళ్ళు ఒకే వేదికపై పనిచేయడానికి పూనుకోవడం ఇందువల్లనే.

2018-19 నుండి అమెరికా మన సముద్రపు రొయ్యల కొనుగోలు ఆపివేసింది. వారి తనిఖీలో మన టెడ్‌ల వాడకం చాలలేదు. కమ్మీల మధ్య నాలుగు అంగుళాలకు మించి ఖాళీ ఉండరాదని వారి నియమం. మన తొలి నమూనాలో ఆ ఖాళీ దాదాపు 14 సెంటీమీటర్లు. కొచ్చి సంస్థ అమెరికా నిపుణులతో కలిసి కొత్త నమూనా చేసి 2024లో సముద్రంలో పరీక్షించింది. అయితే ఆ ఆంక్ష ఎవరికి తగిలింది? మన నుండి అమెరికాకు వెళ్ళే రొయ్య అత్యధికంగా చెరువు రొయ్య, అందులోనూ పెద్ద భాగం ఆంధ్ర జిల్లాలది. భీమవరం చెరువుకు తాబేలుతో పని లేదు, ఆంక్షా లేదు. దెబ్బ తిన్నది ట్రాలరువాడు. అతనికి అమెరికా కొనకపోతే మరొక దేశం కొంటుంది, కాస్త తక్కువకు. ఆ తక్కువ ధర అతన్ని మరొక గంట వల లాగిస్తుంది గాని కమ్మీలు బిగించుకునేలా చేయదు.

డీజిల్‌పై రాయితీ ఇస్తూ వచ్చిన తీర రాష్ట్రాలు ఆ రాయితీ పుస్తకానికి టెడ్‌ను ముడిపెట్టవచ్చు. నవంబరు నుండి మార్చి వరకు కంత తెరిచి వేటాడిన పడవకు లీటరుకు కొంత అదనంగా ఇస్తే, జారిపోయిన చేపకు అది బదులవుతుంది. కుట్టిన కంతతో సముద్రంలో దొరికిన పడవకు ఆ ఋతువంతా రాయితీ ఆగిపోవాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. రాష్ట్ర మత్స్య శాఖ ఉత్తర్వు ఒకటి చాలు. సొమ్ములో సగం కేంద్రం ఇవ్వాలా, ఇస్తే నాలుగు శాఖలలో ఎవరి బడ్జెటు నుండి అన్నది ఇక్కడ తేలవలసిన మాట. నవంబరు ఒకటో తేదీ మాత్రం ఏ శాఖ కోసమూ ఆగదు.